రెండోసారి చెక్కిన అంచు

తుక్కు వ్యాపారి గోడౌనులో టార్పాలిన్ తొలగించి చూసి, చూసినచోటే చతికిలబడిపోయిన మెకానిక్కమ్మని పోయినవారం అక్కడే వదిలేసి వచ్చాం. పాపం, ఆ దుమ్ములో ఇంకా కూర్చోబెట్టడం మర్యాద కాదు. ఆమె లేచింది, బట్టలు దులుపుకుంది, ఆ మిషను కొనేసింది.

బేరం ఆడలేదు. దాంతో వ్యాపారికి ఎక్కడలేని అనుమానం వచ్చింది. తోలు అంచుల్ని పలచగా చెక్కే పాత స్కైవింగ్ మిషన్లు కొని, బాగుచేసి, తోలుపని వాళ్లకి అమ్మడం ఆమె వృత్తి. కొనేముందు ఆమె పెట్టే పరీక్షలు ఆ వీధి మొత్తానికి తెలుసు. పైన వేసిన రంగు ఆమెకి అక్కర్లేదు. ఇరుసు పట్టుకుని అటూ ఇటూ ఊపి, వదులుందేమో చూస్తుంది. ఆ మిషన్లో కత్తి గంటలాగా గుండ్రంగా ఉంటుంది. దాన్ని చేత్తో తిప్పి, చెవి దగ్గర పెట్టి చప్పుడు వింటుంది. నూరి నూరి అది ఎంత అరిగిందో, ఇంకెన్నాళ్లు వస్తుందో చూపుడువేలి కణుపుతో లెక్క కడుతుంది. ఒక్కో పరీక్షకీ ఒక్కో వంక పెడుతుంది. అలాంటి మనిషి ఈసారి ఒక్క స్క్రూ కూడా ముట్టుకోకుండా, ఇది ఎవరు అమ్మారని మాత్రం అడిగింది.

ఎవరో ఒకావిడ అమ్మిందని, భర్త పోయి రెండు నెలలైందని, ఇల్లు ఖాళీ చేస్తోందని వ్యాపారి చెప్పాడు. "ఆయన దీన్ని పన్నెండేళ్లు మంచం పక్కనే పెట్టుకున్నాడటక్కా. ఒక్క రోజు కూడా నడపలేదట. కాస్త తిక్క మనిషేమో."

తిక్క మనిషి కాదు, మా బాబాయి అని ఆమె అనలేదు. మిషనుని బండి ఎక్కించుకుని, షెడ్డుకి తెచ్చుకుని, తలుపు గడియ పెట్టుకుని అప్పుడు ఏడ్చింది. బాబాయి పోయిన సంగతి తుక్కు వ్యాపారి చెబితే తెలియడం కంటే సిగ్గుచేటు ఇంకేముంటుంది?

పన్నెండేళ్ల కిందటి గొడవ గుర్తులేనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. నాన్నా బాబాయీ కలిసి కృత్రిమ కాళ్లకి తోలు పట్టీలు చేసి ఒక ఆస్పత్రికి ఇచ్చేవాళ్లు. పట్టీ కొసని పలచగా చెక్కి, బకిల్ చుట్టూ మడిచి కుడతారు. మందం ఎక్కువైతే మడత కూర్చోదు, తక్కువైతే చిరిగిపోతుంది. మిషను మీద చెక్కేది బాబాయి. ఆఖరున ఒక్కో పట్టీ పట్టి చూసి పెట్టెలో పెట్టేది నాన్న. వాళ్ల కార్ఖానాలో మందం కొలిచే గేజీ ఉండేది కాదు. ఎందుకంటే నాన్న బొటనవేలూ చూపుడువేలే గేజీ. ఆ వేళ్ల మధ్య తోలు పెట్టి ఒక్కసారి నలిపితే చాలు, కాగితం మందం తేడా కూడా చెప్పేసేవాడు. ఊళ్లో అందరూ ఆయన్ని వేలికొలత మేస్త్రి అనేవాళ్లు. పందేలు కాసి ఓడిపోయినవాళ్లు కూడా ఆ పేరు పిలిచి దండం పెట్టేవాళ్లు.

ఒకరోజు ఒక పట్టీ బకిల్ దగ్గర చిరిగింది. చిరిగింది ఎక్కడా? ఒక మనిషి మెట్లు దిగుతుండగా. ఆయన పడ్డాడు, మళ్లీ మంచం దిగలేదు, ఆరు నెలలకి పోయాడు. చిరిగిన పట్టీని ఆస్పత్రి వాళ్లు తెచ్చి ఇచ్చిన రోజున నాన్న దాన్ని పనివాళ్లందరి ముందూ బాబాయి మొహాన కొట్టాడు. మందంగా వదులుతున్నావని నెల రోజులుగా తిడుతున్నందుకు కక్షకొద్దీ మిషనుని బిగించి పలచన చేశావన్నాడు. మనిషిని చంపావన్నాడు. బాబాయి ఒకటే మాట అన్నాడు, మిషను ఎలా బిగించి ఉందో అలాగే ఉంది, ఒక్కసారి నడిపి చూడన్నయ్యా అని. నాన్న చూడలేదు. ఆ సాయంత్రమే బాబాయి, తోలుని అదిమిపెట్టే పాదం ఎత్తునీ వాలునీ నిలిపే రెండు స్క్రూల మీద ఎవరు తిప్పినా తెలిసేలా ఎర్ర లక్క కరిగించి పోసి, మిషనుని బండిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. అప్పటికి ముప్ఫై ఏళ్లున్న మన మెకానిక్కమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఆమె కూడా నోరు మెదపలేదు. అది ఆమెని ఈ పన్నెండేళ్లుగా తింటూనే ఉంది.

ఇప్పుడు ఆ లక్క ఆమె కళ్ల ముందు ఉంది. రెండు స్క్రూల మీదా చెక్కు చెదరకుండా, ఎండిపోయి, అంచుల్లో కాస్త నల్లబడి ఉంది.

ఆమెకో అలవాటుంది. కొన్న మిషను ఎంత చెత్తదైనా సరే, ఒక్క స్క్రూ విప్పకముందు దాని మీద ఒక తోలుముక్క నడిపి చూస్తుంది. జబ్బేమిటో మిషనే చెప్పాలి, మనం ముందే విప్పేస్తే చెప్పడానికి దానికి నోరుండదు అంటుంది. ఆ మొదటి ముక్క మీద తేదీ రాసి దాచిపెడుతుంది. కానీ ఈ మిషను నడిచే స్థితిలో లేదు. బెల్టు పట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయింది. బాబాయి పూసిన గ్రీజు మైనంలా గట్టిపడింది. మోటారు మూలుగుతోందే తప్ప తిరగడం లేదు. లక్క వేసిన రెండు స్క్రూలూ ముట్టుకోకుండా మిగతాదంతా బాగుచెయ్యాలి. మామూలుగా పాదం విప్పి పక్కన పెట్టుకుంటే సగం రోజు పని. అది విప్పకుండా చెయ్యడానికి మూడు రోజులు పట్టింది.

పాదం కింద సందులోంచి వెదురుపుల్లకి గుడ్డ చుట్టి గ్రీజు తీసింది. నూనె రంధ్రాల్లో చుక్క చుక్కగా కిరసనాయిలు వేసి, రాత్రి వదిలేసి, పొద్దున్నే కత్తిని చేత్తో తిప్పింది. మొదటిరోజు పావు చుట్టు, రెండోరోజు సగం, మూడోరోజు నిండు చుట్టు తిరిగింది. కొత్త బెల్టు వేసింది. కత్తికి నూరే రాయి తగిలించి, లోపలివైపు లేచిన సన్నని గరుకుని చిన్నరాయితో తుడిచింది. అప్పుడు తోలుముక్క పెడితే అది ముందుకి జరగకుండా అక్కడే నిలబడి, అంచు ఎలుక కొరికినట్టు వచ్చింది. కొత్తవాళ్లైతే కత్తి మీద పడి ఇంకా నూరి, ఉన్న కత్తిని కాస్తా అరగదీసేవాళ్లు. ఆమె నూరలేదు. తోలుని కిందనుంచి లాక్కెళ్లే రాయిని వేలితో తడిమింది. పాత జిడ్డు పట్టి గాజులా నున్నగా ఉంది. దాన్ని గరుకు చెయ్యగానే రెండో ముక్క నీళ్లమీద పోయినట్టు పోయింది.

ఆ ముక్కని గేజీలో పెట్టింది. ఆస్పత్రి వాళ్లు అడిగింది పన్నెండు గీతల మందం. ముల్లు పన్నెండు మీద నిలబడింది. ఇంకో ముక్క నడిపింది. పన్నెండే. ఇరవై ముక్కలు నడిపింది. ఒకటి పదకొండున్నర, మిగతావన్నీ పన్నెండు.

పన్నెండేళ్ల కిందట ఈ మాట చెప్పడానికి ఒక్క నిమిషం సరిపోయేది. బాబాయి తప్పేమీ లేదు. మరి తప్పెవరిది? ఆ ప్రశ్న వచ్చిన మరుక్షణమే జవాబు కూడా వచ్చేసింది. వద్దు వద్దు అని నెట్టేసినా పోలేదు. ఈమధ్య నాన్న పొగలు కక్కే టీ గ్లాసుని ఉత్త చేత్తో పట్టుకుని తీరుబడిగా కబుర్లు చెప్పడం ఆమె చూసింది. చక్కెర జబ్బు ఆయనకి ఈనాటిది కాదు. ఇదివరకు గుండీలు చూడకుండానే పెట్టుకునేవాడు, ఇప్పుడు వాటిని చూస్తూ పెట్టుకుంటున్నాడు.

బాబాయి పేరు కడగాలంటే నాన్న పేరు తీసెయ్యాలి. ఆయనకి ఇప్పుడు ఆ పేరు తప్ప ఇంకేం మిగిలింది? ఆ గొడవ తర్వాత ఆస్పత్రి పని మానేసి, పాత గదిలోనే కూర్చుని చేత్తో పర్సులూ బెల్టులూ కుట్టుకుంటున్నాడు. వచ్చినవాళ్లు ఇప్పటికీ మేస్త్రీ ఇది పట్టి చూడండి అంటే, కళ్లు మూసుకుని వేళ్ల మధ్య నలిపి ఏదో ఒక అంకె చెబుతాడు. అడ్డు చెప్పేవాళ్లెవరు? పైగా బాబాయి పోయాడన్న సంగతి ఆయనకి తెలియదని ఆమె అనుకుంటోంది. ఒకేరోజు రెండు దెబ్బలు కొట్టలేను, ముందు మిషను సంగతి చెప్తాను, రెండోది తర్వాత అనుకుంది.

మధ్యాహ్నం ఎండ తగ్గాక నాన్నని షెడ్డుకి తీసుకొచ్చింది. దారిలో ఆయన హుషారుగానే ఉన్నాడు, ఏదో మొండి మిషనుకి తన సలహా కావలసి వచ్చిందనుకున్నాడు. తలుపు తీయగానే ఆగిపోయాడు. ఆ మిషనుని ఆయన వెనకనుంచి చూసినా గుర్తుపడతాడు.

"ఇది ఇక్కడికెలా వచ్చింది?"

"కొన్నాను నాన్నా. రా, కూర్చో."

"కూర్చోను. దీన్ని చూడ్డానికా నన్ను తీసుకొచ్చావు? తుక్కులో పడెయ్యి."

తుక్కులోంచే తెచ్చానని ఆమె చెప్పింది. లక్క చూపించింది. ఆయన ఒంగి చూశాడు, చూసి పెదవి విరిచాడు. లక్క పోస్తే దొంగ దొర అయిపోతాడా అన్నాడు. అయినా వెళ్లిపోలేదు. ఎంత కోపమున్నా నడుస్తున్న మిషను దగ్గరనుంచి కదలలేని మనిషి ఆయన. ఆమె మోటారు వేసి, పట్టీ తోలు ఒకటి తీసి, పాదం కిందకి పెట్టింది. కొస చెక్కుకుని అవతలికి వచ్చింది. తీసి ఆయన చేతికిచ్చింది.

నాన్న కళ్లు మూసుకున్నాడు. బొటనవేలూ చూపుడువేలూ ఆ అంచు మీద నెమ్మదిగా కదిలాయి. చిన్నప్పుడు ఆమె ఇలాగే పక్కన నిలబడి, ఆ వేళ్లు ఏం చెబుతాయోనని ఊపిరి బిగపట్టి చూసేది. ఇప్పుడు కూడా అలాగే చూసింది.

"మందంగా ఉంది," అన్నాడు. "చూశావా? వాడి పని ఎప్పుడూ ఇంతే. నెల రోజులు చెప్పాను. వినేవాడా?"

అని, బల్ల మీదున్న చెక్కుడు కత్తి కోసం చెయ్యి చాపాడు.

తీయకు నాన్నా అని ఆమె మనసులో వెయ్యి దండాలు పెట్టుకుంది. పన్నెండేళ్ల కిందట నోరు మూసుకున్నందుకు ఏడ్చిన మనిషి, ఈరోజు నోరు మూసుకోవడమే తన పనని తెలుసుకుని నిలబడింది. ఆయన చొక్కా విప్పి గోడకి తగిలించి కూర్చుని, పట్టీ కొసని రాతిపలక మీద పరిచి, ఎడమచెయ్యి అదిమిపెట్టి, ఏటవాలుగా కత్తి దింపాడు. ఎంత అందమైన చెయ్యి. పొర లేచి ఉల్లిపొట్టులా చుట్టుకుంది. రెండు కోతలు, మూడు కోతలు. ప్రతి కోత చివరా మణికట్టు కాస్త పైకి తిప్పడం ఆయనకే చెల్లు. మళ్లీ వేళ్ల మధ్య పెట్టి నలిపాడు, ఇంకో కోత కోశాడు, అప్పుడు తల ఊపాడు.

"ఇదీ లెక్క. ఆ రోజుల్లో వాడు తీసినవన్నీ ఇలాగే నేను సరిచేసి పంపేవాణ్ణి. నేనుండబట్టి సరిపోయింది."

తానేం చెప్పాడో ఆయనకి తెలియలేదు. ఆమెకి తెలిసింది. గేజీ తీసి, ఆయన చేతిలో పట్టీ తీసుకుని అంచుని అందులో పెట్టింది. ఏమిటా బొమ్మ అని ఆయన నవ్వాడు. ఆమె గేజీని ఆయన కళ్ల ముందుకి తిప్పింది. ముల్లు ఏడు మీద ఉంది.

"పాడైందేమో," అన్నాడు.

ఆమె ఆయన ముట్టుకోని ఇంకో పట్టీ పెట్టింది. పన్నెండు. మళ్లీ ఆయన చెక్కింది పెట్టింది. ఏడు. అప్పుడు సంచీలోంచి, ఆయన గదిలో గోడకి మేకు మీద పన్నెండేళ్లుగా వేలాడుతున్న చిరిగిన పట్టీని తీసింది. తమ్ముడు చేసిన పాపం మరిచిపోకూడదని ఆయనే అక్కడ తగిలించుకున్నాడు. పొద్దున ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ఆమె దాన్ని తీసి సంచీలో వేసుకుంది. ఇప్పుడు దాన్ని కూడా గేజీలో పెట్టింది. ఏడు.

ఆమె భూతద్దం ఇచ్చింది. ఆయన తీసుకుని రెండు పట్టీలనీ కిటికీ వెలుతురులో పక్కపక్కన పెట్టుకున్నాడు. మిషను చెక్కినచోట సన్నని నిలువుగీతలు ఉంటాయి, తువ్వాలు నేతలాగా. పాత పట్టీకి పక్క అంచుల్లో ఆ గీతలున్నాయి. చిరిగిన చోట లేవు. అక్కడ ఏటవాలుగా, చివర కాస్త పైకి తిరిగిన కోతలున్నాయి. కొత్త పట్టీ మీదా అవే ఉన్నాయి. ఆయన తన దస్తూరీని తాను చదువుకుంటున్నట్టు చాలాసేపు చూశాడు. భూతద్దం చేతిలోంచి జారి బల్ల మీద పడింది. అది జారిన సంగతి ఆయనకి చప్పుడు వల్లే తెలిసింది.

"నా వేళ్లా?" అన్నాడు.

ఆమె తల ఊపింది. వేళ్లకి స్పర్శ తగ్గితే చేతికి గుడ్డ చుట్టుకుని పట్టుకున్నట్టే, ఏది పట్టుకున్నా మందంగానే తోస్తుందని, అది ఆయన తప్పు కాదని, జబ్బుదని చెప్పాలనుకుంది. సగం చెప్పింది. మిగతా సగం ఏడుపులో పోయింది. ఆయన వినడం లేదు. కుడిచేతి బొటనవేలిని ఎడమచేత్తో పట్టుకుని నొక్కుతున్నాడు, గిల్లుతున్నాడు, మళ్లీ నొక్కుతున్నాడు. ఆ వేలు ఒకప్పుడు ఆ ఇంటికంతా అన్నం పెట్టింది. ఒక మనిషిని మెట్ల మీదనుంచి తోసింది. ఇంకో మనిషిని గుమ్మం దాటించింది.

కాసేపటికి ఆయన లేచాడు. గోడకి తగిలించిన చొక్కా తీసుకుని వేసుకున్నాడు. గుండీలు పట్టు దొరకడం లేదు. ఆమె పెట్టబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు.

"పద," అన్నాడు. "వాడింటికి."

ఇక తప్పదు. రెండో దెబ్బ కూడా ఈరోజే కొట్టాలి. ఆమె ఆయనకి ఎదురుగా వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. "నాన్నా, ఒక్క నిమిషం కూర్చో. బాబాయి..."

"పోయాడు. నాకు తెలుసు."

ఆమె చేతులు వదిలేసింది. ఎప్పుడు తెలిసిందని అడిగింది. రెండు నెలలుగా ఈ మనిషి తనతో కూర్చుని తింటున్నాడు, పేపరు చదువుతున్నాడు, ఎండలెక్కువయ్యాయని విసుక్కుంటున్నాడు. తను నాలుగు రోజులుగా ఏ వార్తని కొంగుకి ముడేసుకున్నట్టు దాచుకుని తిరుగుతోందో, ఆయన దాన్ని అంతకంటే ముందునుంచీ దాచుకున్నాడు.

"మీ పిన్ని వచ్చింది," అన్నాడు నాన్న, గోడ వైపు చూస్తూ. "వాడు పోవడానికి వారం ముందు. నా గది గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు, నేను రమ్మనలేదు. వాడు రెండు మాటలు చెప్పి పంపాడంది. ఒకటి, వచ్చి ఈ మిషను మీద ఒక్క పట్టీ నడిపి చూడమని. తప్పొప్పులేమీ మాట్లాడొద్దు, ఊరికే నడిపి చూసి వెళ్లిపొమ్మని."

"ఎందుకెళ్లలేదు నాన్నా?"

"నాది తప్పేమోనన్న అనుమానం ఒక్క రవ్వ ఉన్నా వెళ్లేవాణ్ణే తల్లీ. నాకు లేదు. అనుమానం వాడి మీదే ఉండేది." ఆయన ఇంకో గుండీ పట్టుకోబోయి వదిలేశాడు. "చచ్చిపోయేముందు కూడా మొండితనం వదల్లేదు వీడు అనుకున్నాను. ఆ మాట ఆవిడతో అన్నాను కూడా. అయినా వాడు పోగానే నాకు కబురు పంపింది."

ఆమె అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఇరవై ముక్కలు నడిపింది తను, వరసగా, లెక్కపెట్టుకుంటూ. అందులో ఒక్కటంటే ఒక్కటి బాబాయి కళ్లముందు నడిచి ఉంటే ఎంత బాగుండేది. ఆయన మంచంలో పడుకుని, మోటారు చప్పుడు వింటూ, అన్నయ్య చేతిలో ఆ ముక్క చూసుకుని పోయేవాడు. దానికి ఒక్క నిమిషం సరిపోయేది.

నాన్న చెప్పుల్లో కాలు పెట్టబోయాడు. కాలికి కూడా పట్టు తెలియడం లేదు కాబోలు, చెప్పు జారి అవతలికి పోయింది. ఆమె పాకుతూ వెళ్లి దాన్ని తెచ్చి ఆయన పాదానికి తొడిగింది. తలెత్తకుండానే అడిగింది, మరి రెండో మాటేమిటని.

ఆయన తలుపు రెక్క పట్టుకుని, బయట ఎండకేసి చూస్తూ నిలబడ్డాడు.

"తెలీదు," అన్నాడు. "ఆవిడ చెప్పబోతుంటే తలుపు వేసేశాను."